పార్లర్ నుంచో క్లినిక్ నుంచో వచ్చాక ముఖానికి ఏం రాయాలి, ఎన్నాళ్లు ఆగాలి

పెళ్లి పది రోజులుందనగా మొదలవుతుంది. బ్లీచ్, మర్నాడు ఫేషియల్, చేతులకూ కాళ్లకూ వ్యాక్సింగ్, కనుబొమలకు థ్రెడింగ్, ఆపైన ఇంట్లో నలుగు, గోరింటాకు. వీటిలో దాదాపు ప్రతిదీ చర్మం పైపొరను కాస్తో కూస్తో తీసుకుపోతుంది, లేదా వదులు చేస్తుంది. ఆ రాత్రి రోజూ వాడే సీరమే రాసుకుంటే ముఖం భగ్గుమంటుంది. సీరమ్ పాడైందనుకుంటారు. సీరమ్ బాగానే ఉంది, దాన్ని ఆపే గోడే పలచబడింది.

సీసా మీద వేసిన 10%, 0.025% లాంటి అంకెలన్నీ చెక్కుచెదరని చర్మానికి లెక్కకట్టినవి. పీల్ (యాసిడ్‌తో పైపొర తీయడం) అయిన చర్మం మీద, సూదులు గుచ్చిన చర్మం మీద ఆ అంకె చెల్లదు. అదే చుక్కలోంచి ఎన్నో రెట్లు లోపలికి పోవచ్చు. "ఇప్పుడు రాస్తే బాగా ఇంకుతుంది" అని పార్లర్‌లో చెప్పే మాట నిజమే. అయితే మందుతో పాటు అందులో ఉన్న సెంటు, ప్రిజర్వేటివ్, రంగు కూడా అంతే బాగా ఇంకుతాయి.

ఏది లోపలికి పోతుంది, ఏది పోదు

అడ్డుగోడ పనంతా చేసేది పైనున్న చచ్చిన కణాల పొర. ముఖం మీద, ముంజేతి మీద దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. చచ్చిన కణాలు ఇటుకల్లా వరసలుగా ఉంటాయి. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంటాయి. నీళ్లు బయటికి పోకుండా, బయటివి లోపలికి రాకుండా ఆపేది ఎక్కువగా ఆ సున్నమే.

ఈ గోడను దాటడానికి అణువు చిన్నదై ఉండాలి. అణుభారం 500 డాల్టన్లు దాటితే చెక్కుచెదరని చర్మంలోంచి పోవడం కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే ఇద్దరు పరిశోధకులు సూత్రీకరించారు. నేటికీ మందుల తయారీలో అదే మోటు కొలత. గ్లైకోలిక్ యాసిడ్ 76, నయాసినమైడ్ 122, శాలిసిలిక్ యాసిడ్ 138, విటమిన్ సి 176, మత్తు మందు లిడోకైన్ 234, మొటిమల మందు ట్రెటినోయిన్ 300, స్టెరాయిడ్ మందు క్లోబెటసాల్ ప్రొపియొనేట్ 467. ఇవన్నీ గీతకు లోపలే ఉన్నాయి. హయలురానిక్ యాసిడ్ మామూలుగా వేలల్లో, లక్షల్లో ఉంటుంది కాబట్టి పైనే కూర్చుని తేమ పడుతుంది. గోల్డ్ ఫేషియల్‌లో బంగారు రేకు సంగతీ అంతే, లోపలికి పోదు. పోయేది పర్సులో డబ్బే.

చిన్నదైనంత మాత్రాన చాలదు. విటమిన్ సి నీళ్లలో కరిగేది, విద్యుదావేశం ఉన్నది. కొవ్వు సున్నం దాన్ని రానివ్వదు. అందుకే ఆ సీరమ్‌లను పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కంటే తక్కువలో, పుల్లగా తయారు చేస్తారు. మామూలు చర్మం మీదే కాస్త చురుక్కుమనే ఈ పులుపు, గోడ లేని చోట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఒంటి మీద అన్నిచోట్లా గోడ ఒకేలా ఉండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు మనుషుల మీద హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ రాసి కొలిచారు. ముంజేతిలో పోయింది 1 అనుకుంటే, అరికాలిలో 0.14, చంకలో 3.6, నుదుట 6, దవడ మూలలో 13. అంటే ఏ చికిత్సా చేయించకముందే ముఖం జల్లెడ లాంటిది. కొత్త క్రీమ్‌ను ముంజేతి మీద ఒక్కసారి రాసి, ఏమీ కాలేదని ముఖానికి పూస్తే ఎందుకు బెడిసికొడుతుందో ఈ లెక్క చెబుతుంది.

ఏ చికిత్స గోడను ఏం చేస్తుంది

ఆవిరి, మసాజ్, షీట్ మాస్క్ లాంటివి గోడను కొట్టవు, నానబెడతాయి. నానిన పొరలో సందులు పెరుగుతాయి, వేడికి రక్తప్రసరణా పెరుగుతుంది. పైన ప్లాస్టిక్ కప్పినా ఇదే జరుగుతుంది. స్టెరాయిడ్ క్రీమ్ రాసి క్లింగ్ ఫిల్మ్ చుడితే లోపలికి పోయేది పది రెట్ల దాకా పెరగవచ్చు. ఈ మార్పు కొన్ని గంటలే ఉంటుంది. ఆవిరి పట్టిన రాత్రి యాసిడ్లు మానేస్తే సరిపోతుంది.

బ్లీచ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా, పొడిలో పర్‌సల్ఫేట్లు ఉంటాయి. క్షారం చర్మాన్ని ఉబ్బించి కొవ్వు సున్నాన్ని చెదరగొడుతుంది. ఎక్కువ తెలుపు రావాలని పొడి చిటికెడు ఎక్కువ కలపడం, 10 నిమిషాల్లో కడగాల్సింది 25 నిమిషాలు ఉంచడం, ఈ రెండింటి వల్లే బుగ్గ ఎముకల మీద ఎర్రగా కాలిన మచ్చలు వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు పర్‌సల్ఫేట్ల వల్ల ఆయాసం రావచ్చు కాబట్టి ముందే చెప్పాలి.

వ్యాక్సింగ్ వెంట్రుకతో పాటు పై వరసలనూ అతికించుకుని పోతుంది. చంకల్లో అయితే వెంటనే డియోడరెంట్ కొట్టకూడదు. అక్కడ మామూలుగానే ఇంకడం ఎక్కువ, ఇప్పుడు వెంట్రుక కుదుళ్లు కూడా తెరిచి ఉంటాయి. స్క్రబ్, వజ్రపు కొనతో చేసే మైక్రోడెర్మాబ్రేషన్, బ్లేడుతో గీకే డెర్మాప్లేనింగ్ కూడా ఈ కోవలోవే. చేసేవాళ్ల చెయ్యి ఎంత బరువుగా పడితే అంత లోతుకు పోతాయి.

పీల్ ఇటుకల మధ్య పట్టును కరిగిస్తుంది. మైక్రోనీడ్లింగ్ గోడను అలాగే ఉంచి సన్నని సూదులతో వేల రంధ్రాలు చేస్తుంది. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ సన్నని బావులు తవ్వుతుంది. ఈ మూడింటిలో మొదటిదానికీ తర్వాతి రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. సూదులు, లేజర్ తర్వాత 500 డాల్టన్ల గీతే ఉండదు. హయలురానిక్ యాసిడ్, ప్రొటీన్లు, సెంటు నూనెలు, చేతి మీది సూక్ష్మక్రిములు ఏవైనా సూటిగా బతికున్న పొరలోకి దిగుతాయి. అక్కడ రోగనిరోధక కణాలు కాపలా కాస్తుంటాయి. పైపొర మీద ఏళ్లుగా సరిపడిన పదార్థమైనా ఆ కణాలకు కొత్తదే.

దీనికి రుజువు 2014లో ఒక అమెరికన్ చర్మవైద్య పత్రికలో వచ్చింది. మైక్రోనీడ్లింగ్ చేయించుకున్న ముగ్గురు మహిళలకు ముఖమంతా గట్టి గడ్డలు లేచాయి. వాళ్లలో ఇద్దరికి సూదులతో పాటు విటమిన్ సి సీరమ్ రాశారు. అది పైన రాసుకోవడానికి తయారైన సీరమ్, లోపలికి పంపడానికి కాదు. ఆ గడ్డలు గ్రాన్యులోమాలు. ఒంట్లోకి దిగిన పరాయి వస్తువు చుట్టూ కణాలు కట్టిన కోట అన్నమాట. మామూలు మొటిమల మందులకు అవి లొంగవు.

సూది రంధ్రాలు ఎంతసేపు తెరిచి ఉంటాయన్నది కూడా కొలిచి చూశారు. గాలికి వదిలేస్తే సుమారు 2 గంటల్లో మూసుకుంటాయి. పైన ఏదైనా కప్పి ఉంచితే సూది మందాన్నిబట్టి 40 గంటల దాకా తెరిచే ఉండవచ్చు. కాబట్టి మైక్రోనీడ్లింగ్ అయ్యాక ఇంటికొచ్చి షీట్ మాస్క్ వేసుకోవడమంటే మూసుకోబోతున్న తలుపుకు రాయి అడ్డం పెట్టడమే. రంధ్రం మూసుకున్నంత మాత్రాన గోడ పూర్తిగా నిలబడినట్టు కాదు. దానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది, వయసు మళ్లినవాళ్లకు వారం పట్టవచ్చు.

సూదులు లేని మెసోథెరపీ పేరుతో కరెంటుతో, అల్ట్రాసౌండ్‌తో మందు దింపే యంత్రాలున్నాయి. ఇవి పనిచేసేది ఆవేశం ఉన్న చిన్న అణువుల మీదే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వీటి జోలికి పోకూడదు.

మత్తు క్రీమ్: ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే

మిగతా పొరపాట్లకు మచ్చ మిగులుతుంది. దీనికి మనిషే పోవచ్చు. లేజర్‌తో కాళ్ల వెంట్రుకలు తీయించుకునే ముందు మత్తు క్రీమ్ రాసి, పైన ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు మూర్ఛలొచ్చి, కోమాలోకి పోయి చనిపోయారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరిక జారీ చేసింది. వాళ్ల వయసు 22, 25. 

లెక్క చూడండి. మన మందుల షాపుల్లో దొరికే మత్తు క్రీమ్ ఎక్కువగా లిడోకైన్ 2.5%, ప్రిలోకైన్ 2.5% కలిపినది. ఒక గ్రాములో లిడోకైన్ 25 మి.గ్రా. 30 గ్రాముల ట్యూబులో 750 మి.గ్రా. ఇదే లిడోకైన్‌ను డాక్టర్ ఇంజెక్షన్‌గా ఇస్తే, ఎడ్రినలిన్ కలపనప్పుడు, కిలో బరువుకు 4.5 మి.గ్రా. చొప్పున మొత్తం 300 మి.గ్రా. దాటనివ్వరు. ట్యూబులో అంతకు రెండున్నర రెట్లుంది. గోడ గట్టిగా ఉంటే అందులో కొద్ది భాగమే రక్తంలోకి పోతుంది కాబట్టి ప్రమాదం కనబడదు. స్క్రబ్ చేసి, వేడి తువ్వాలు వేసి, రెండు కాళ్లకూ పూసి, ప్లాస్టిక్ చుట్టారంటే నాలుగు కట్టలూ ఒకేసారి తెంపినట్టే.

అందుకని క్రీమ్‌ను చికిత్సకు ముందు, చెక్కుచెదరని చర్మానికే రాయాలి. డాక్టర్ చెప్పిన గ్రాములు, చెప్పిన చోటు, చెప్పిన నిమిషాలు దాటకూడదు. సాధారణంగా గంట. సూది పెట్టేముందు తడి గాజుగుడ్డతో, తర్వాత స్పిరిట్‌తో పూర్తిగా తుడవాలి. తుడవకపోతే సూదులే క్రీమ్‌ను లోపలికి తీసుకుపోతాయి. సగం పనయ్యాక నొప్పంటే మళ్లీ రాయడం చాలాచోట్ల చూస్తాం. రంధ్రాలు పడిన చర్మానికి మళ్లీ రాయనివ్వకండి, నొప్పి ఓర్చుకోలేకపోతే ఆ రోజుకు ఆపించండి. ముఖం ఒక పూట, కాళ్లూ చేతులూ ఇంకో పూట చేయించుకోవడం మేలు. పేరూ శాతమూ లేని డబ్బాలో ఇచ్చే మత్తు క్రీమ్ వద్దనండి. ప్రాణాలు తీసిన క్రీముల్లో మందు శాతం చాలా ఎక్కువ.

పెదాలు, నాలుక మొద్దుబారడం, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, తల తిరగడం, కండరాలు అదరడం మొదలైతే క్రీమ్ తుడిచేసి వెంటనే 108కి ఫోన్ చేయాలి. పెదాలు, గోళ్లు నీలంగా మారితే అది ప్రిలోకైన్ పని. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతున్న గుర్తు. దానికీ ఆసుపత్రే దారి.

వెళ్లేముందు ఏవి ఆపాలి

ట్రెటినోయిన్, అడాపలిన్, రెటినాల్ (వీటినే రెటినాయిడ్లంటారు) వాడే ముఖానికి పైపొర అప్పటికే పలచగా ఉంటుంది. వ్యాక్సింగ్‌కు 5 నుంచి 7 రోజుల ముందు ఆ చోట వీటిని ఆపాలి. ఆపకపోతే పట్టీ లాగినప్పుడు తోలు లేచొస్తుంది, ముఖ్యంగా పైపెదవి మీద, కనుబొమ కింద. పీల్‌కు 3 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు. కొందరు డాక్టర్లు రెండు వారాల ముందు నుంచి ట్రెటినోయిన్ రాయించి మరీ పీల్ చేస్తారు. యాసిడ్ ముఖమంతా ఒకే లోతుకు దిగాలని అలా చేస్తారు. అది వాళ్ల లెక్క ప్రకారం చేసేది. మీరు రాస్తున్నది డాక్టర్‌కు తెలియకపోవడమే చిక్కు.

గ్లైకోలిక్, లాక్టిక్, శాలిసిలిక్ ఉన్న ఫేస్‌వాష్, సీరమ్‌లు, స్క్రబ్‌లు 3 నుంచి 5 రోజుల ముందు ఆపండి. పీల్‌కు ముందు రోజు షేవింగ్, థ్రెడింగ్ వద్దు. రేజరు గీరిన గీతల్లో యాసిడ్ లోతుగా దిగి, గీతలుగానే నల్లబడుతుంది. మగవాళ్లు ఇది తరచుగా మరిచిపోతారు.

మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకునేవాళ్లు అవి మానాక ఆరు నెలలు ఏ చికిత్సా చేయించకూడదని పాత మాట. పైపైన చేసే పీల్స్‌కు, వెంట్రుకలు తీసే లేజర్‌కు అంతకాలం ఆగాల్సిన ఆధారం లేదని 2017లో అమెరికా నిపుణులూ మన దేశ చర్మవైద్య నిపుణులూ తేల్చారు. లోతుగా రాపిడి చేసే డెర్మాబ్రేషన్‌కు, మొత్తం పొరను తీసే లేజర్‌కు మాత్రం పాత జాగ్రత్తే ఉంది. వ్యాక్సింగ్‌కూ అంతే, మాత్రలు మానిన ఆరు నెలల దాకా వద్దు.

కొత్త సీరమ్‌కు పరీక్ష చికిత్సకు ముందే జరగాలి. మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు, వారం పాటు, కడగకుండా రాయండి. అక్కడ దురదగానీ దద్దుగానీ రాకపోతే చెవి కింద దవడ మీద మూడు రోజులు. పెళ్లికైతే ఆఖరి 15 రోజుల్లో కొత్త సీసా మూత తీయకపోవడమే మంచిది. పీల్ ఏదైనా మూడు నాలుగు వారాల ముందే ముగించాలి, బ్లీచ్ వారం ముందు, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందు. ఒకే పూట బ్లీచ్, స్క్రబ్, ఆవిరి, యాసిడ్ ప్యాక్ అన్నీ కలిపిన "బ్రైడల్ ప్యాకేజీ" చర్మానికి మాత్రం గిట్టుబాటు కాదు.

పీల్ బల్ల మీద ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి

గ్లైకోలిక్ యాసిడ్‌కు రెండు అంకెలు చూడాలి, శాతం ఒకటి, పీహెచ్ ఒకటి. ఇంట్లో వాడేవి 10% మించకుండా, పీహెచ్ 3.5కి తగ్గకుండా ఉండాలని, శిక్షణ ఉన్నవాళ్లు కొద్దిసేపు రాసి కడిగేసేవి 30% మించకుండా, పీహెచ్ 3కి తగ్గకుండా ఉండాలని అమెరికా సౌందర్య పదార్థాల సమీక్షా సంఘం చెప్పింది. ఆన్‌లైన్‌లో 70% సీసా కొనుక్కుని వీడియో చూసి పూసుకోవడం ఎంత పెద్ద దూకుడో దీన్నిబట్టి తెలుస్తుంది. డాక్టర్లు కూడా మన గోధుమ, చామనచాయ ముఖాలకు 20–35% నుంచి మొదలుపెట్టి, 1 నుంచి 3 నిమిషాలే ఉంచి, సోడా బైకార్బనేట్ ద్రావణంతో ఆపుతారు. గ్లైకోలిక్ తనంతట తాను ఆగదు. ఆపాల్సిందే.

శాలిసిలిక్ పీల్ వేరు. రెండు మూడు నిమిషాల్లో ద్రవం ఆరిపోయి తెల్లటి పొడిలా తేలుతుంది, అక్కడితో పని ఆగుతుంది. ఆ తెలుపు చర్మం కాలిన తెలుపు కాదు. అదే తెలుపు టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్) పీల్‌లో వస్తే మాత్రం ప్రొటీన్ గడ్డకట్టిన గుర్తు, లోతు తెలిపే గుర్తు. శాలిసిలిక్‌ను వీపు, ఛాతీ, చేతులు అన్నీ ఒకేరోజు చేయిస్తే రక్తంలోకి పోయి చెవుల్లో హోరు పుడుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లకు అసలు వద్దు.

పీల్‌కు ముందు స్పిరిట్‌తోనో అసిటోన్‌తోనో జిడ్డు తుడుస్తారు. ఈ తుడుపు సమంగా లేకపోతే యాసిడ్ ఒకచోట ఆగి, ఒకచోట దిగిపోతుంది. ముక్కు పక్క మడతలు, పెదవి మూలలు, కంటి మూలల్లో ద్రవం చేరి నిలుస్తుంది కాబట్టి ముందే అక్కడ వాసెలిన్ రాయాలి. రాయకపోతే అడగండి. గిల్లిన మొటిమ, గీరిన దద్దు ఉన్నా అక్కడా వాసెలిన్ పెట్టించుకోండి.

ఇంటికొచ్చాక

మొదటి సూత్రం: మాయిశ్చరైజర్ మండినన్ని రోజులు మరేదీ రాయకూడదు. సెంటు లేని సాదా మాయిశ్చరైజర్ శనగగింజంత రాసి చూడండి. చురుక్కుమందంటే గోడ ఇంకా నిలబడలేదు. మంట పూర్తిగా పోయి, పొట్టు రాలడం ఆగి, మరో రెండు రోజులు గడిచాక మందుల సీరమ్‌లు మొదలు.

థ్రెడింగ్, ఆవిరి ఫేషియల్ తర్వాత ఒక రోజు. వ్యాక్సింగ్ తర్వాత సెంటు, డియోడరెంట్, యాసిడ్లు రెండు రోజులు, రెటినాయిడ్లు మూడు నుంచి ఐదు రోజులు. పైపైన చేసిన పీల్ తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు. మైక్రోనీడ్లింగ్ తర్వాత మొదటి రోజంతా క్లినిక్‌లో ఇచ్చిన స్టెరైల్ సెలైన్, సాదా హయలురానిక్ జెల్ తప్ప ఏదీ వద్దు. మూడు రోజులు విటమిన్ సి, నయాసినమైడ్ వద్దు. రెటినాయిడ్లు వారం తర్వాతే. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ అయితే కొత్త పొర కట్టేదాకా, అంటే ఐదు నుంచి ఏడు రోజులు, వాసెలిన్ మాత్రమే. రెటినాయిడ్లకు రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి.

వాసెలిన్ అంటే కొందరికి చిన్నచూపు. తెల్లటి పెట్రోలియం జెల్లీలో సెంటు లేదు, ప్రిజర్వేటివ్ లేదు, ఎలర్జీ దాదాపు రాదు, నీటిని ఆపడంలో దానికి సాటివచ్చే క్రీములు తక్కువ. కొత్త ట్యూబు కొనుక్కోండి, ఇంటిల్లిపాదీ వేళ్లు పెట్టిన డబ్బా వద్దు. చేతులు సబ్బుతో కడిగి, పలచగా, మెరుపు కనబడేంత రాస్తే చాలు.

మళ్లీ సీరమ్‌లు మొదలుపెట్టేటప్పుడు ఒక్కొక్కటిగా. మొదట నయాసినమైడ్, రెండు మూడు రోజులకు విటమిన్ సి, ఆఖరున రెటినాయిడ్. రెటినాయిడ్‌ను ముఖం మొత్తానికి శనగగింజంతే, రోజు విడిచి రోజు, ముందు మాయిశ్చరైజర్ రాసి దానిపైన. ఒకేరోజు మూడూ మొదలుపెడితే ఏది పడలేదో కనిపెట్టలేరు.

ఎండ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన చర్మానికి మంట తగ్గినా నలుపు మిగులుతుంది. పొర కట్టేదాకా సన్‌స్క్రీన్ కూడా రాయకూడదు. అందులోని రసాయన ఫిల్టర్లు మామూలు చర్మంలోంచే రక్తంలోకి చేరతాయని ఎఫ్‌డీఏ పరిశోధకులు 2019లోనూ 2020లోనూ కొలిచి చూపించారు. అన్నాళ్లూ గొడుగు, వెడల్పు అంచు టోపీ, మెత్తటి నూలు చున్నీ. గరుకు చున్నీని బిగించి కడితే రాపిడికే మచ్చ పడుతుంది. పొర కట్టాక జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ వాడండి. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా గీసినంత.

రాయకూడనివి

నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, అదుపు లేని యాసిడ్ అది. వంటసోడా దానికి పూర్తి వ్యతిరేకం. చర్మం మామూలుగా ఉండేది 5 దగ్గర. ఒకదాని తర్వాత ఒకటి రాసే చిట్కా ఏ పీల్ కంటే తక్కువ కాదు. సున్నిపిండి మంచిదే, గరుకుగా ఆడించిన పిండితో వ్యాక్సింగ్ మర్నాడు నలుగు పెడితే మాత్రం గీతలే. పెళ్లికూతురికి నలుగు తప్పదంటే పిండిని రెండుసార్లు జల్లించి, నూనె ఎక్కువ కలిపి, రుద్దకుండా పూసి కడిగేయండి.

గోరింటాకు విషయంలో ఒక జాగ్రత్త. నూరిన ఆకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండే కోన్‌లలో తలరంగులో ఉండే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అప్పుడే వ్యాక్సింగ్ చేసిన చేతిమీద అది పెడితే బొబ్బలు రావచ్చు. ఒకసారి ఎలర్జీ పుట్టిందంటే జీవితమంతా తలరంగులకూ వస్తుంది. వ్యాక్సింగ్‌కూ గోరింటాకుకూ మధ్య కనీసం రెండు రోజులుంచండి.

మందుల షాపులో "తెల్లబడే క్రీమ్" అని అడిగితే చేతిలో పెట్టేది తరచుగా హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ కలిపిన ట్యూబు. మంగు మచ్చలకు డాక్టర్ చూసి, కొన్ని వారాలకు రాసే మందు అది. నెలల తరబడి రాస్తే ముఖం పలచబడి, సన్నని ఎర్ర నరాలు తేలి, మానగానే భగ్గున మొటిమలు లేస్తాయి. పైన రాసే స్టెరాయిడ్లను 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. అయినా అమ్మేవాళ్లున్నారు. ఇలా పలచబడిన ముఖానికి పార్లర్‌లో పీల్ చేస్తే పైపొర పీల్ కాస్తా లోతు పీల్ అవుతుంది. సిగ్గుపడకుండా ఆ ట్యూబు పేరు చెప్పండి. లేబులు లేని, ఏ దేశానిదో తెలియని ఫెయిర్‌నెస్ క్రీములు ఇంకా ప్రమాదం. కేరళ మలప్పురం జిల్లాలో 2023లో వరసగా వచ్చిన కిడ్నీ జబ్బులకు మూలం పాదరసం ఉన్న ఇలాంటి క్రీములే అని తేలింది. పాదరసం చర్మం లోపలికి పోవడానికి పీల్ కూడా అక్కర్లేదు.

బెడిసికొడితే

రాసిన వెంటనే మండితే చల్లటి మామూలు నీళ్లతో పది నిమిషాలు కడగండి. నిమ్మ కడగడానికి సోడా, సోడా కడగడానికి నిమ్మ వద్దు. ఆపై వాసెలిన్ తప్ప అన్నీ బంద్. ఇంట్లో ఉన్న ఫ్రామైసెటిన్, నియోమైసిన్ క్రీములు రాయడం మనకు అలవాటు. వాటికే ఎలర్జీ రావడం చాలా మామూలు. తెరిచిన చర్మం మీద ఆ అవకాశం ఇంకా ఎక్కువ.

రెండు రోజులయ్యాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ చీము కనబడితే ఇన్ఫెక్షన్. పెదవి చుట్టూ గుత్తులుగా చిన్న నీటి పొక్కులు లేస్తే హెర్పిస్ అనే వైరస్. ఒకటి రెండు రోజుల్లో మందు పడాలి, లేకపోతే తెరిచిన ముఖమంతా పాకుతుంది. ఇంతకుముందు పెదవి మీద ఇవి వచ్చినవాళ్లు లేజర్‌కు, మైక్రోనీడ్లింగ్‌కు ముందే చెబితే నివారణ మాత్రలిస్తారు. కళ్లు వాచి దురద పెడితే ఎలర్జీ, ఊపిరి ఆడకపోతే 108. వారాల తర్వాత గట్టి గడ్డలు తేలితే వాటిని గిల్లకుండా, గోరువెచ్చని కాపడాలు పెట్టకుండా స్కిన్ డాక్టర్‌కు చూపించండి. సూదులతో పాటు ఏ సీరమ్ రాశారో అడుగుతారు.

ఆ ప్రశ్నకు జవాబు చాలామంది దగ్గర ఉండదు. అందుకే చికిత్స మొదలయ్యేముందే, ముఖం మీద పడబోయే ప్రతి సీసా లేబులునూ ముందూ వెనకా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సూదుల ప్యాకెట్ మీ కళ్లముందే చింపమనండి. 2018లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక స్పాలో సూదులతో, రక్తంతో చేసే ఫేషియల్ చేయించుకున్నవాళ్లకు హెచ్ఐవీ సోకింది. సీసాను ఫొటో తీయనివ్వని చోట, ప్యాకెట్ చూపించని చోట కుర్చీలోంచి లేచి వచ్చేయండి. అడ్వాన్స్ పోతే పోయింది.